చలవ మాత్ర

"నడుం నీ ఒక్కదానికే ఉందా?" అంది అత్త.

ఆదివారం పొద్దున్న లుజ్మీలా బంగాళాదుంపల బుట్ట కోసం వంగింది. వంగినది లేవలేకపోయింది. నడుం కింద కుడిపక్క, ఎవరో లోపలికి చెయ్యి పెట్టి కండని పిడికిట్లో పట్టి మెలితిప్పినట్టయింది. ఊపిరి తీసుకుంటే మెలి ఇంకో చుట్టు బిగిసింది. పొయ్యి గట్టు పట్టుకుని, నేలమీది తొక్కల వైపు చూస్తూ అలాగే ఉండిపోయింది. ఆ మాటన్న అత్త, త్రాన్సితో ఆవిడ పేరు, గుమ్మంలో నిలబడి టోపీ సర్దుకుంటోంది. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. ముదురు నీలం కుచ్చుల పావడా మీద జానెడు వెడల్పు నేత నడికట్టు పది చుట్లు బిగించి కట్టుకోందే గడప దాటదు. ఆ బిగింపు చూసి, ఆ నిటారు నడక చూసి, ఆ కొండఊరు కయాంబె సంతలో జనం "ఆవిడ ఇనప మనిషమ్మా" అంటారు. ఆ మాట చెవిన పడ్డ రోజు అత్త మరో చుట్టు బిగించేది.

"సరే అత్తా, లేస్తున్నా" అంది లుజ్మీలా. పదిహేడేళ్ళ కాపురంలో ఆమె ఎక్కువసార్లు అన్న మాట అదే. సరే అత్తా. అందులో ఒప్పుకోవడం ఏమీ లేదు. మాట పెరగకుండా అడ్డం పెట్టే చెక్కముక్క, అంతే. తలుపుకి గడియ వేసినట్టు "సరే అత్తా" వేసేసి, లోపల తన మానాన తను ఏదో ఒకటి చేసుకునేది. అత్తకీ అది తెలుసేమో. ఇద్దరికీ పోట్లాడే తీరిక లేదు. ఇంట్లో ఆవులు రెండు, కుందేళ్ళలా కూరకి పెంచే గినీ పందులు ముప్ఫై, బడికెళ్ళే పిల్ల యాదిరా, పాలలారీ తోలే మొగుడు ఎఫ్రాయిన్. ఊరవతల పూల షెడ్డులో లుజ్మీలా ఉద్యోగం.

ఫిబ్రవరి వస్తోందంటే షెడ్డులో ఆడవాళ్ళకి పగలూ రాత్రీ తేడా తెలియదు. ఎక్కడో దూరదేశాల్లో ప్రేమికుల రోజట, అందరూ అందరికీ గులాబీలు ఇచ్చుకుంటారట. ఆ గులాబీల ముళ్ళు దులపడం, ఆకులు రాల్చడం, కాడలు కొలిచి పాతికేసి కట్టలు కట్టడం ఇక్కడ. నిలబడి పన్నెండు గంటలు, ఒక్కోరోజు పద్నాలుగు. కాళ్ళ దగ్గర నీళ్ళ బకెట్టు, అందులో పూలు. వంగి ఎత్తు, బల్లమీద పెట్టు, మళ్ళీ వంగు. ఇళ్ళకొచ్చాక వీళ్ళకి పువ్వంటే కంటగింపు. "మా ఆయన గులాబీ తెస్తే దాంతోనే వీపు మీద కొడతా" అని పక్క బల్ల బ్లాంకా అంటే వరసంతా నవ్వుతుంది. నడుములు పట్టుకునే నవ్వుతారు. నవ్వుకి కాదు, నొప్పికి.

సోమవారం సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి ఒక పూట సెలవు సంపాదించి లుజ్మీలా ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడ నర్సు గ్లాదిస్, లావుపాటి మనిషి, చేతులు వెచ్చగా ఉంటాయి. బోర్లా పడుకోబెట్టి వీపు మీద వేళ్ళు ఆనిస్తూ అడిగింది.

"ఎక్కడమ్మా నొప్పి? ఇక్కడా? ఎప్పట్నించీ?"

అంతే. లుజ్మీలాకి ఏడుపొచ్చేసింది. గట్టిగా నొక్కిందనుకుని నర్సు చెయ్యి తీసేసింది. నొక్కలేదు. ఎక్కడ, ఎప్పట్నించి అని ఆ రెండు మాటలు పుట్టి బుద్ధెరిగాక ఆమెని ఎవరూ అడగలేదు. జవాబు చెప్పడం కూడా చేతకాలేదు. "చాన్నాళ్ళయింది" అంది. "ఎన్నాళ్ళు?" "ఏమో నర్సమ్మా, పిల్ల పుట్టినప్పటినించేమో."

డాక్టరు రాసిచ్చాడు. మాత్రలు పది, కాగితం కవర్లో. నర్సు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "రాత్రి పడుకోబోయే ముందు ఒకటి. పగలు వద్దు, మత్తుగా తూలినట్టుంటుంది, నువ్వు కాడలు కోసే కత్తుల దగ్గర నిలబడే దానివి. ఒక రాత్రి మర్చిపోయావనుకో, పోనీలే, మర్నాడు రెండు మింగకు. పది రోజులు దాటి వాడకు. ఇంకోమాట, నా కళ్ళలోకి చూడు. సారా చుక్క తగలకూడదు. మందూ సారా కలిస్తే మనిషికి స్పృహ తప్పిపోతుంది, ఊపిరి కూడా బరువెక్కుతుంది. ఎవరికీ పంచిపెట్టకు, ముఖ్యంగా పెద్దవాళ్ళకి. వాళ్ళ ఒంట్లోంచి మందు త్వరగా దిగదు, నడుస్తూ నడుస్తూ పడిపోతారు."

"మా షెడ్డులో మాత్రలు ఏప్రాన్ జేబుల్లోంచి జేబుల్లోకి తిరుగుతుంటాయి నర్సమ్మా. జీడిబిళ్ళల్లాగా."

"తెలుసు. అందుకే చెప్తున్నా. కాలు తిమ్మిరెక్కినా, ఒంటేలు ఆగకపోయినా ఆ క్షణమే నా దగ్గరికి పరిగెత్తుకురా. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టుకో. బరువులెత్తకుండా నాలుగు రోజులుంటే మంచిది."

లుజ్మీలా నవ్వింది. నర్సు నవ్వలేదు. "మాత్ర కండని వదులు చేస్తుందమ్మా. బకెట్టుని తేలిక చెయ్యదు" అంది.

రాత్రి అన్నాల దగ్గర లుజ్మీలా అదంతా చెప్పాలనే మొదలుపెట్టింది. మొదలుపెట్టింది మాత్రం తనకి అబ్బురమనిపించిన దగ్గర. "ఎక్కడ నొప్పి, ఎప్పట్నించి అని అడిగిందత్తా! కూర్చోబెట్టి మరీ అడిగింది." త్రాన్సితో చెంచా గిన్నెలో ఆపి తలెత్తి చూసింది. "అట్లా అడుగుతారా?" అంది. "అడిగింది. వేలితో తడుముతూ అడిగింది. మాత్రలిచ్చింది. ఇవి వేసుకున్నప్పుడు..."

"వేసుకున్నప్పుడు వంట ఎవరు చేస్తారో అది కూడా చెప్పిందా మీ నర్సమ్మ?" అన్నాడు ఎఫ్రాయిన్, సూప్ జుర్రుకుంటూ. "వీపులు పామడం, వేడినీళ్ళ సీసాలు! ఆవిడ మాట వింటే మనం ఇల్లు తీసేసి హోటల్ పెట్టుకోవాలి." తన మాటకి తనే పెద్దగా నవ్వాడు. పిల్ల కూడా నవ్వింది. లుజ్మీలా గిన్నెలు ఎత్తింది. చెప్పాల్సిన మాట అక్కడ తెగిపోయింది. తర్వాత ఎన్నోసార్లు ఆ తెగిన చోటికి వెళ్ళి వెతుక్కుంది. తిరిగి ముడివెయ్యడానికి ఒక్క నిమిషం పట్టేది. ఒక్కటంటే ఒక్క నిమిషం.

పడుకోబోతుంటే అత్త వచ్చింది. చేతిలో చిన్న గిన్నె, పొగలు కక్కుతోంది. దాల్చినచెక్క వేసి కాచిన చెరకు సారా. పదిహేడేళ్ళలో కోడలి పక్క దగ్గరికి అత్త ఏదైనా పట్టుకు రావడం అదే మొదలు.

"మాత్ర చలవ" అంది అత్త. "చలవ వస్తువు ఒట్టిగా మింగితే ఎముకల్లో కూర్చుంటుంది. వెంటనే వేడి వస్తువు పడాలి. ఇది తాగు."

ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన లెక్క అది. పంది మాంసం చలవ, మేక మాంసం వేడి. పాలు చలవ, సారా వేడి. షాపులో కొన్న మందులన్నీ చలవే. చంటిపిల్లకి టీకా వేయించినా ఇంటికొచ్చి అరికాళ్ళకి సారా రాస్తారు. లుజ్మీలా గిన్నె అందుకుంది. నర్సు కళ్ళు గుర్తొచ్చాయి. వద్దత్తా, సారా కలవకూడదన్నారు, ప్రమాదమట అనాలి. అంటే ఏమవుతుంది? "మీ నర్సమ్మ నాకు నేర్పుతుందా?" అంటుంది. మొహం ముడుచుకుంటుంది. ఇన్నేళ్ళకి తెచ్చిన ఒక్క గిన్నె, దాన్ని మొహానే తిప్పికొట్టినట్టవుతుంది. అదీగాక నడుం మెలిపెడుతోంది, మాట్లాడే ఓపిక లేదు.

"సరే అత్తా" అంది.

అత్త వెనక్కి తిరగగానే గిన్నె పొయ్యి బూడిదలో వంపేసింది. బూడిద సుయ్యిమంది, దాల్చినచెక్క వాసన లేచింది. మంచినీళ్ళతో మాత్ర మింగి పడుకుంది. ఆ రాత్రి ఆమె కండ ఒక్కొక్క వేలూ విప్పినట్టు విడిపోయింది. ఎన్నో నెలల తర్వాత పక్కకి తిరిగి పడుకోగలిగింది. పొద్దున్న అరగంట ఆలస్యంగా లేచింది, అందుకు ఎఫ్రాయిన్ "మహారాణిగారు మేల్కొన్నారు, బ్యాండు మేళం పిలవండ్రా" అన్నాడు. అత్త మాత్రం కోడల్ని ఎగాదిగా చూసి, నడక చూసి, "చూశావా?" అంది. "మాత్ర మహిమ అనుకుంటున్నావు. నా సారా మహిమ."

"అవునత్తా" అంది లుజ్మీలా.

అలా నాలుగు రాత్రులు గిన్నె వచ్చింది, నాలుగు రాత్రులు బూడిద తాగింది. ఐదో రాత్రి కవరు విప్పితే ఆరు మాత్రలుండాలి, నాలుగే ఉన్నాయి. మళ్ళీ చూసింది. నాలుగే. పిల్ల ముట్టదు. ఎఫ్రాయిన్‌కి కవరు ఎక్కడుందో కూడా తెలియదు. ఈ అత్తే పారేసి ఉంటుంది. నేను హాయిగా పడుకోవడం కంటగింపైనట్టుంది, అని లోపల కుతకుతలాడింది. పైకి ఒక్క మాట అనలేదు. ఒకటి మింగి, కవరు తీసి బార్లీ పిండి డబ్బాలో అడుగున దోపింది. ఆ డబ్బా రోజూ తెల్లారి తెరిచేది అత్తేనన్న సంగతి అప్పుడు తట్టలేదా? తట్టే అక్కడ పెట్టిందా? అదీ తర్వాత వెతుక్కున్న చోట్లలో ఒకటి.

ఎందుకంటే ఆ రెండు మూడు రోజులూ అత్త తేలిగ్గా ఉంది. గినీ పందులకి గడ్డి వేస్తూ కూనిరాగం తీసింది. వాకిట్లో ఎండకి కూర్చుని కాళ్ళు బార్లా చాపుకుంది. ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చోగా లుజ్మీలా ఎన్నడూ చూడలేదు. చూసింది, ముసలావిడకి ఈ మధ్య ఒళ్ళు బరువెక్కిందనుకుంది. షెడ్డు బస్సు హారన్ కొడుతోంది. వెళ్ళిపోయింది. చూసినదాన్నీ పోయిన మాత్రల్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే తీరిక ఉంటే కదా. ఆ ప్రేమికుల పండగ ముందు వారం, పూల మీద పూలు, కట్టల మీద కట్టలు.

శనివారం మధ్యాహ్నం సూపర్‌వైజరు వరస దగ్గరికొచ్చి "ఇంటినించి ఫోను" అన్నాడు. పక్కింటామె. గినీ పందుల పాక దగ్గర త్రాన్సితో పడి ఉంది, చంకలో పచ్చగడ్డి మోపు అలాగే ఉంది, పొద్దుటినించీ పడి ఉందో ఏమో, వానకి బట్టలన్నీ తడిసిపోయాయి, లేపితే మూలుగుతోంది గానీ కళ్ళు తెరవడం లేదు. నోట్లోంచి సారా వాసన.

పట్నం ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు. తడి బట్టలు మార్చమని లుజ్మీలాకి చెప్పారు. నేత నడికట్టు విప్పింది. పది చుట్లు. పదో చుట్టు విప్పాక చూసింది. నడుం చుట్టూ చర్మం మీద గాడి పడి ఉంది, వేలెడు లోతున, కాడికి కట్టిన ఎద్దు మెడమీద ఉన్నట్టు, నల్లగా కాయ కాచిపోయి. అది వయ్యారానికి కట్టింది కాదు. విరిగిన మట్టికుండకి తాడు చుట్టినట్టు చుట్టుకున్నది. విప్పిన నడికట్టు మడతలోంచి కాగితం కవరు జారిపడింది. లోపల ఒకే ఒక్క మాత్ర.

మర్నాడు త్రాన్సితోకి తెలివొచ్చింది. ఎఫ్రాయిన్ బయట ఫోనులో ఉన్నాడు. కోడలి చెయ్యి పట్టుకుని, దొంగతనం చేసి దొరికిన చిన్నపిల్లలా చూసింది.

"కోప్పడకే. ఒకటి వేసుకుంటే హాయిగా ఉంది. ఇంకోటి వేసుకున్నా. నిన్న చలికి ఇంకాస్త పట్టేసిందని రెండు వేసుకున్నా. చలవ చేస్తుందని సారా మాత్రం మర్చిపోలేదు. నువ్వు చేసినట్టే చేశా."

నువ్వు చేసినట్టే చేశా. లుజ్మీలాకి బూడిద సుయ్యిమన్నది చెవిలో వినిపించింది.

"నీకు నొప్పా అత్తా? ఎక్కడ?" అంది. "ఎప్పట్నించి?"

ముసలావిడ కోడలి మొహంలోకి చూసింది. అడిగింది నిజంగానో కాదో తేల్చుకుంటున్నట్టుంది. "ఎఫ్రాయిన్ పుట్టిన మూడో రోజు" అంది. "దొరగారి కొట్టంలో పాలు పితకడానికి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఇంకోదాన్ని పెట్టుకుంటారు. క్యాను ఎత్తా. నడుం కింద, కుడిపక్క, లోపల పుటుక్కుమంది. పడ్డా. మీ మామ వచ్చి, లేవే, పాలన్నీ పారబోశావు అన్నాడు. లేచా. ఆ సాయంత్రం మా అమ్మ నడికట్టు తెచ్చి బిగించింది. విప్పకు, విప్పితే విరుగుతావు అంది." కళ్ళు మూసుకుంది. "ఆ నర్సు నిన్ను అట్లా అడిగిందని చెప్పావు చూడు, ఆ రాత్రి నిద్ర పట్టలేదే నాకు. ఒళ్ళు మండింది నీ మీద. నన్నెవరూ అడగలేదే అని."

"నేనూ అడగలేదత్తా."

"నేను మాత్రం నిన్ను అడిగానా?" అంది త్రాన్సితో. నవ్వబోయింది, దగ్గు వచ్చింది.

ఆ దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తులు పట్టేశాయి. తొమ్మిదో రోజు పోయింది. గులాబీలన్నీ అప్పటికే విమానాలెక్కి వెళ్ళిపోయాయి, ఎవరెవరి చేతుల్లోనో వాడిపోయి కూడా ఉంటాయి.

శవజాగారానికి అరవైమంది వచ్చారు. లుజ్మీలా పెద్ద డేగిసాల్లో మొక్కజొన్న గింజలు ఉడకబెట్టింది, బంగాళాదుంపలు వలిచింది, మగవాళ్ళకి గిన్నెలతో వేడి సారా అందించింది. రెండు సార్లు కండ మెలిపెడితే గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టింది. పక్క గదిలోంచి ఎఫ్రాయిన్ గొంతు తాగి ముద్దగా వినిపిస్తోంది. "మా అమ్మ తలనొప్పి కూడా ఎరగదు బావా. ఇనప మనిషి. దీని మాత్రలే మింగేశాయి మా అమ్మని. పనికి బద్ధకించి తెచ్చుకుంది ఆ మాత్రలు." వచ్చినవాళ్ళు లుజ్మీలాని చూసి తలలు దించుకున్నారు. ఆమె మరో గిన్నె నింపింది. అతని అమ్మ పోయింది, ఏడవనీ అనుకుంది. అందులో కొంత నిజమూ ఉంది మరి. మాత్రలు తనవే. మాట మింగింది తనే.

పదిరోజుల తర్వాత నర్సు గ్లాదిస్ ఇంటికొచ్చింది. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆరోగ్య కేంద్రంలో ఒక పుస్తకం ఉంటుంది, మనిషికో పేజీ. పోయినవాళ్ళ పేజీ మీద గీత కొట్టి సంతకం తీసుకోవాలట. బల్ల దగ్గర కూర్చుంది. ఎఫ్రాయిన్ ఎదురుగా కూర్చుని "ఏమే, టీ పెట్టు నర్సమ్మకి" అన్నాడు. లుజ్మీలా మూడో కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను ఆమె వైపు చూశాడు. ఆమె లేవలేదు. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి వీపుకీ కుర్చీకీ మధ్య పెట్టుకుంది.

నర్సు పేజీ తిప్పింది. త్రాన్సితో ఫరినాంగో. పుట్టిన సంవత్సరం. కాన్పులు నాలుగు, బతికిన బిడ్డ ఒకడు. కింద అంతా ఖాళీ. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి పేజీ, నిన్న కొన్న నోటుపుస్తకంలా తెల్లగా ఉంది.

"జబ్బులేమైనా ఉండేవా ఇంతకుముందు?" అంది నర్సు, అలవాటుగా.

"ఏమీ లేవు" అన్నాడు ఎఫ్రాయిన్. "మా అమ్మకి ఎప్పుడూ ఏ నొప్పీ లేదు. ఏమీ లేవని రాసెయ్యండి."

నర్సు పెన్ను దించింది.

"రాయకండి" అంది లుజ్మీలా.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఎఫ్రాయిన్ "నువ్వూరుకో" అన్నాడు. సరే అనే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. దాన్ని అక్కడే ఉంచి ఆమె నర్సు వైపు తిరిగింది.

"మీరు నాకు అన్నీ చెప్పారు నర్సమ్మా. సారా కలపొద్దన్నారు, పంచొద్దన్నారు. ఇంటికొచ్చి నేను చెప్పలేదు. చెప్పబోతే ఈయన నవ్వాడు, నేను గిన్నెలెత్తా. మా అత్త సారా తెస్తే తాగినట్టు నటించి బూడిదలో పోశా. అది తాగే నేను బాగయ్యానని ఆవిడ నమ్మింది. నమ్మనిచ్చా. మాత్రలు తగ్గడం చూసి కూడా నోరెత్తలేదు. మా షెడ్డులో నలభైమంది ఉన్నాం. సోమవారం మీరు రండి, నేను బల్లెక్కి ముందు నా సంగతి చెప్తా, తర్వాత మీరు చెప్పండి. సూపర్‌వైజరు తిడితే నన్ను తిడతాడు." ఊపిరి తీసుకుంది. "అది తర్వాత. ముందు ఈ పేజీ. గీత కొట్టకముందు రాయండి. నొప్పి ఉండేది ఆవిడకి."

"మా అమ్మకి నొప్పా?" అన్నాడు ఎఫ్రాయిన్. నవ్వుదామని నోరు తెరిచాడు గానీ నవ్వు రాలేదు. "ఎప్పట్నించి?"

"నీకెంత వయసు?" అంది లుజ్మీలా.

"నలభై రెండు. అయితే?"

"నలభై రెండేళ్ళుగా. నువ్వు పుట్టిన మూడో రోజునించి."

పాకలో గినీ పందులు గడ్డి కోసం కీచుమంటున్నాయి. నర్సు తెల్ల పేజీ మీద పెన్ను ఆనించి, తలెత్తకుండానే, వెచ్చగా అడిగింది.

"ఎక్కడమ్మా నొప్పి?"

లుజ్మీలా చెయ్యి వెనక్కి వెళ్ళింది. సీసా పక్కకి తోసి, తన నడుం కింద, కుడిపక్క, వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ."